తప్పిపోని బిడ్డ



ఈ వారం వాక్యంతో కాకుండా ఒక నవలతో మొదలుపెడుతున్నాం. పాస్టరుగారికి నవలలేమిటని కొందరికి అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి. వాక్యం దగ్గరికే వస్తాం.

మన సంఘంలో పెరిగి, నర్సింగు చదివి, ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి పోయిన క్రిస్మస్‌కి ఊరొచ్చింది. విమానంలో చదువుకుంటూ వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి వెళ్తూ వెళ్తూ మా బల్ల మీద పెట్టి, "అయ్యగారూ, వీలైతే చదవండి, అమ్మగారికి కూడా చెప్పండి" అంది. సెమినరీలో డిప్లొమా చేసే రోజుల్లో ఇంగ్లీషు వ్యాఖ్యాన గ్రంథాలను పక్కన నిఘంటువు పెట్టుకుని చదివిన అలవాటు మాకుంది. దీన్నీ అలాగే చదివాం. మొదటి వంద పేజీలకు నెల పట్టింది. తరవాత ఆగలేకపోయాం. ఒక రాత్రి కరెంటు పోతే ఫోను లైటు వేసుకుని చదువుతుంటే, ప్రసంగం తయారు చేసుకుంటున్నామేమో అనుకుని అమ్మగారు మజ్జిగ తెచ్చిపెట్టింది. నిజం చెప్పడానికి సిగ్గేసింది.

ఆ పుస్తకం పేరు 'ది డీప్ ఎండ్ ఆఫ్ ది ఓషన్'. రాసినావిడ జాక్వెలిన్ మిచర్డ్. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో పత్రికలకు రాసుకుంటూ ఉండేవారు. 1993లో ఆవిడ భర్త కాన్సర్‌తో చనిపోయారు. పిల్లలతో ఒంటరిగా మిగిలిన ఆవిడ రాసిన మొదటి నవల ఇది. 1996లో అచ్చయింది. అదే ఏడాది సెప్టెంబరులో ఓప్రా విన్‌ఫ్రే తన టీవీ కార్యక్రమంలో పుస్తకాల క్లబ్బు మొదలుపెట్టి, అందరం కలిసి చదువుదామని మొట్టమొదట ఎంచుకున్న పుస్తకం ఇదే. దాంతో ఇది లక్షల ఇళ్ళలోకి వెళ్ళింది. 1999లో సినిమాగా కూడా వచ్చింది.

కథ క్లుప్తంగా చెబుతాం. బెత్ అనే ఆవిడ ఫోటోలు తీసే పని చేస్తుంది. భర్త పేరు పాట్. పెద్దవాడు విన్సెంట్‌కు 7 ఏళ్ళు, రెండోవాడు బెన్‌కు 3 ఏళ్ళు, ఆ తరవాత ఒక చంటిపాప. కలిసి చదువుకున్నవాళ్ళంతా 15 ఏళ్ళ తరవాత ఒకచోట చేరుతున్నారని బెత్ పిల్లల్ని తీసుకుని షికాగో వెళ్తుంది. హోటలు ముందుగది నిండా జనం. గది కోసం డబ్బు కట్టడానికి వెళ్తూ, తమ్ముణ్ణి చూస్తూ ఉండమని పెద్దవాడికి చెబుతుంది. కొన్ని నిమిషాల్లోనే తిరిగి వస్తుంది. బెన్ ఉండడు.

పోలీసులు, వెతుకులాట, టీవీ, పత్రికలు, అన్నీ అవుతాయి. పిల్లవాడు దొరకడు. అలా 9 ఏళ్ళు గడుస్తాయి. ఇల్లు షికాగోకే మారుతుంది. ఒకరోజు పన్నెండేళ్ళ కుర్రాడొకడు తలుపు తట్టి, మీ ఇంటి ముందు గడ్డి కోసిపెట్టనా అని అడుగుతాడు. బెత్ వాడి ముఖం చూస్తుంది. వాడే బెన్. ఇప్పుడు వాడి పేరు సామ్. రెండు వీధుల అవతల పెరుగుతున్నాడు. ఎత్తుకుపోయింది బెత్‌తో చదువుకున్న ఒకావిడే. ఆవిడకు మతి స్థిమితం లేదు. ఆవిణ్ణి పెళ్ళి చేసుకుని ఆ పిల్లవాణ్ణి సొంత బిడ్డలా పెంచిన జార్జ్‌కు ఈ సంగతేమీ తెలియదు.

ఊపిరి బిగబట్టి చదివించే నవల అంటారు దీన్ని. పిల్లవాణ్ణి ఎవరు ఎత్తుకుపోయారన్నదే అందులో ఉత్కంఠ అనుకుని మేమూ మొదలుపెట్టాం. సగం పుస్తకానికి వచ్చేసరికి మా భయం వేరే అయింది. ఈ తల్లి మనసు ఏమైపోతుంది? ఇంట్లో మిగిలిన ఇద్దరు పిల్లలు ఏమైపోతారు?

ఎందుకంటే బెన్ పోయాక బెత్ బతికే ఉన్నా ఇంట్లో లేనట్టే. రోజుల తరబడి నిద్రపోతుంది. కెమెరా పక్కన పడేస్తుంది. పిల్లలు తిన్నారో లేదో పట్టదు. ఏడేళ్ళ విన్సెంట్ తనకు తానే పెద్దవాడైపోతాడు. చెల్లెలి సంగతి చూసుకుంటాడు. తమ్ముణ్ణి చూసుకోమంటే చూసుకోలేదన్న మాటను కడుపులో దాచుకుని పెరుగుతాడు. పెద్దయ్యాక చెడు తిరుగుళ్ళు, పోలీసు కేసులు. పోయిన తమ్ముడి కోసం ఇల్లంతా ఏడుస్తోంది. ఇంట్లో ఉన్న అన్నను చూసేవాళ్ళు లేరు.

ఈ పుస్తకం గురించి చదివినవాళ్ళు ఏమంటున్నారని ఆ అమ్మాయిని ఫోన్లో అడిగాం. వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళు నెలకోసారి ఒకరింట్లో చేరి ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటారట. ఈ పుస్తకం వంతు వచ్చిన రోజు పోట్లాట అయినంత పని అయిందట. సగం మందికి బెత్ మీద కోపం. బిడ్డ పోతే దుఃఖం ఉంటుంది, ఒప్పుకుంటాం, కానీ మిగిలిన ఇద్దరేం పాపం చేశారు, ఇలాంటి తల్లిని మేము ప్రేమించలేం అన్నారట. మిగతా సగం, ఇదే నిజం, దుఃఖంలో ఉన్న తల్లి కథల్లోలాగా గుండె దిటవు చేసుకుని లేవదు, రాసినావిడ అబద్ధం చెప్పలేదు అన్నారట. ఒక ముసలావిడ మాత్రం పుస్తకం సగంలోనే మూసేశానందట. ఎందుకని అడిగితే, "నాకూ ఒక బిడ్డ పోయింది" అందట. ఆ తరవాత ఎవరూ మాట్లాడలేదట. కాఫీలు తాగి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారట.

మన ఆడవాళ్ళు ఏమంటారో చూద్దామని అమ్మగారు రెండు శుక్రవారాలు స్త్రీల కూడికలో ప్రార్థన అయ్యాక ఈ కథ చెప్పింది. మేము గుమ్మం అవతల కుర్చీ వేసుకుని విన్నాం. మీలో చాలామంది ఆ రోజు ఉన్నారు. మీరన్న మాటలు మీకు గుర్తుండే ఉంటాయి.

"ఏడేళ్ళ పిల్లోడికి మూడేళ్ళోణ్ణి అప్పజెప్పి ఎలాగెళ్ళిందండీ ఆవిడ?" అని ఒకరు.

"ఎందుకెళ్ళదమ్మా? నాట్లకెళ్ళినప్పుడు మనం పెద్దదానికి చిన్నోణ్ణి అప్పజెప్పి వెళ్ళలేదా?" అని ఇంకొకరు.

"తొమ్మిదేళ్ళు మంచం దిగకపోతే మొగుడెలా ఊరుకున్నాడో, మా ఇంట్లో అయితే తొమ్మిదో రోజునే పొయ్యి వెలిగించమనేవాళ్ళు" అని ఒకావిడ అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వులో నవ్వు తక్కువే.

పెంచిన తండ్రి జార్జ్ మీద జాలిపడినవాళ్ళే ఎక్కువ. "కన్నోళ్ళకి దొరికాడు సరే, పెంచినోడి ఒళ్ళో బిడ్డని లాక్కున్నట్టేగా" అంది ఒక పెద్దావిడ. ఆవిడ అక్క కొడుకును పెంచుకున్న మనిషి. ఎవరి బతుకులోంచి వాళ్ళు మాట్లాడారు. అమెరికాలో ఆ ఆడవాళ్ళు చేసిందీ అదే. కథ చదివి అభిప్రాయం చెబుతున్నామనుకుంటాం గానీ, చాలాసార్లు మన గాయాన్నే చెబుతుంటాం.

వెనక స్తంభానికి ఆనుకుని కూర్చునే ఒక తల్లి రెండు శుక్రవారాలూ నోరు విప్పలేదు. చివర్లో అందరూ లేస్తుంటే అమ్మగారిని అడిగింది. "అమ్మగారూ, ఆ పెద్దోడికి అన్నం ఎవరు పెట్టారండీ?"

అమ్మగారికి జవాబు తోచలేదు. గుమ్మం అవతల మాకూ తోచలేదు.

ఆ తల్లి ఎవరో మీలో కొందరికి ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఆమెను అడిగి, ఆమె సరేనన్నాకే ఇది రాస్తున్నాం. తెలిసినవాళ్ళు తెలిసినట్టు ఊరుకోండి. దారిలో ఆపి అడగకండి.

ఏడేళ్ళ క్రితం నాట్ల రోజుల్లో ఆమె నాలుగేళ్ళ కొడుకు కాలువ రేవులో జారి పోయాడు. ఆమె పొలంలో ఉంది. తొమ్మిదేళ్ళ కూతురు గిన్నెలు తోముకోవడానికి రేవుకు వెళ్తూ తమ్ముణ్ణి వెంట తీసుకెళ్ళింది. మర్నాడు సాయంత్రం లాకుల దగ్గర దొరికాడు. ఆ చిన్న పెట్టెను మేమే దగ్గరుండి మట్టిలో దించాం.

ఇప్పుడు మా సంగతి చెప్పాలి. పదకొండో రోజు ఆదరణ కూడికలో మేము ఎత్తుకున్న వాక్యభాగం 2 సమూయేలు 12వ అధ్యాయం. దావీదు బిడ్డ జబ్బుపడి ఉన్నంతకాలం ఉపవాసముండి నేలమీద పడి ప్రార్థించాడు. బిడ్డ చనిపోయాడని తెలిశాక లేచి, స్నానం చేసి, దేవుని మందిరానికి వెళ్ళి ఆరాధించి, ఇంటికొచ్చి భోజనం చేశాడు. విశ్వాసి అంటే అలా లేవాలి అని చెప్పాం. ఆ తల్లి వైపు చూసి మరీ చెప్పాం. "లేవాలమ్మా, దావీదు లేచాడు" అన్నాం. మంచి ప్రసంగం అని పెద్దలు మెచ్చుకున్నారు.

ఆమె లేవలేదు. ఏడు నెలలు ఆరాధనకు రాలేదు. సంఘ పెద్దల కూటంలో ఆమె పేరు వచ్చినప్పుడు "విశ్వాసంలో చల్లబడింది" అని ఒకరన్నారు. మేము కాదనలేదు. పుస్తకంలో బెత్ గురించి చదివినవాళ్ళు తీర్పు చెప్పినట్టే, కాగితం మీద ఉన్న మనిషి గురించి చెప్పినంత తేలికగా, మా సంఘంలో ఉన్న మనిషి గురించి ఆ మాట ఒప్పుకున్నాం.

ఈ నవల చదివాక ఒక రాత్రి అదే అధ్యాయం మళ్ళీ తీశాం. దావీదు లేచి భోంచేసిన మాట 20వ వచనంలో ఉంది. మేము అక్కడ ఆగి, నాలుగు వచనాలు ముందుకు వెళ్ళకుండా బైబిలు మూశాం. 24వ వచనంలో దావీదు తన భార్య బత్షెబను ఓదార్చాడని రాసి ఉంది. అంటే తండ్రి లేచి భోంచేసిన ఇంట్లోనే తల్లి ఇంకా ఓదార్పు కోసం కూర్చునే ఉంది. దావీదు లేచినట్టు లెమ్మని బత్షెబతో ఎవరూ అనలేదు. లేచినవాడే ఆమె దగ్గరికి వెళ్ళాడు. ఇరవై ఏళ్ళకు పైగా పరిచర్య చేస్తున్నాం, ఆ వచనం ఎన్నిసార్లు చదివామో. ఆదరణ కూడికలో మాత్రం దాన్ని ఒక్కసారీ చెప్పలేదు.

యోబు స్నేహితుల్ని మనం ఎన్నోసార్లు తప్పుపట్టాం. నిజానికి వాళ్ళు వచ్చిన కొత్తలో మంచి పనే చేశారు. ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేలమీద అతని పక్కనే కూర్చున్నారు. అతని బాధ ఎంత గొప్పదో చూసి ఒక్క మాట మాట్లాడలేదు. నోళ్ళు తెరిచాకే చెడిపోయింది. వాళ్ళు చెప్పినవాటిలో చాలా మాటలు విడిగా చదివితే ప్రసంగానికి పనికొచ్చేలాగే ఉంటాయి. అయినా కడకు దేవుడు వాళ్ళమీద కోపించాడు. మేము కనీసం ఆ ఏడు రోజులు కూడా కూర్చోలేదు.

ఆ తల్లి "పెద్దోడికి అన్నం ఎవరు పెట్టారు" అని అడిగి వెళ్ళిన మరుసటి వారం మా ఇంటికొచ్చింది. అరుగు మీద కూర్చుంది. అమ్మగారు మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చుంది. ఈసారి మేము ఏ వచనమూ చెప్పలేదు. చాలాసేపటికి ఆమే మాట్లాడింది.

"అయ్యగారూ, ఈ ఏడేళ్ళలో దాన్ని నేను ఒక్క మాటనలేదండి. తమ్ముణ్ణి ఎందుకొదిలేశావని ఒక్కసారి అడగలేదు. చెయ్యెత్తలేదు. ఊరందరూ నన్ను మంచిదాన్నన్నారు. కానీ దానికి ఒక్కరోజు జడెయ్యలేదండి. ఆ రోజు పొద్దున వేసిందే ఆఖరు."

అమ్మగారు చేతిలో గ్లాసు కింద పెట్టేసింది. తరవాత రాత్రి మాతో చెప్పి ఏడ్చింది. ఆ పిల్ల సండేస్కూలుకు జడ వంకరగా, పాయలు ఊడిపోతూ వచ్చేదట. దేవుని మందిరానికి ఇలాగేనా రావడం, ఇంట్లో అమ్మ లేదా అని అమ్మగారు ఒకసారి అందరి ముందూ మందలించిందట. ఆ తరవాత పిల్ల జుట్టు కత్తిరించుకుని వచ్చిందట. మేమూ ఆ పిల్లను చూశాం. కంఠత వాక్యాలు తప్పులేకుండా చెప్పేది. క్రిస్మస్‌కి బహుమతిగా స్టీలు గిన్నె ఇచ్చాం. రేవులో గిన్నెలు తోముతూ తమ్ముణ్ణి పోగొట్టుకున్న పిల్ల చేతిలో స్టీలు గిన్నె పెట్టి చప్పట్లు కొట్టించాం. ఇది రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది.

ప్రియులారా, లూకా సువార్త 15వ అధ్యాయం మనకు కొట్టిన పిండి. తప్పిపోయిన కుమారుడు తిరిగొచ్చాడు, తండ్రి పరుగెత్తి మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాడు, విందు చేశాడు. మనం పాటలు కట్టుకునేదీ, నాటికలు వేసుకునేదీ ఆ చిన్న కుమారుడి గురించే. పెద్ద కుమారుణ్ణి మాత్రం ఓర్వలేనివాడనీ పరిసయ్యుడి లాంటివాడనీ నాలుగు మాటలని వదిలేస్తాం. ప్రభువు ఆ మాటలు పరిసయ్యుల్ని ఉద్దేశించి చెప్పిన మాట నిజమే. కానీ ఆ తండ్రి ఏం చేశాడో చూడండి. పెద్దవాడు లోపలికి రానని బయటే ఉండిపోయాడు. తండ్రి విందు మధ్యలో లేచి బయటికి వచ్చాడు. వచ్చి బతిమాలాడు. దూరం నుంచి వచ్చే చిన్న కొడుకు కోసం ఎలా బయటికి పరుగెత్తాడో, ఇంటి ముందే నిలబడ్డ పెద్ద కొడుకు కోసమూ అలాగే బయటికి వచ్చాడు. ఆ తండ్రి రెండుసార్లు ఇల్లు విడిచి వచ్చాడు. మనం మొదటిసారి గురించే ప్రసంగాలు చేస్తాం.

ఆ నవలలో జరిగినది కూడా అదే. బెన్ దొరికాడు. చట్టం వాణ్ణి కన్నవాళ్ళకు అప్పజెప్పింది. ఇంట్లో సంబరం. కానీ వాడికి ఈ ఇల్లు కొత్త, వాడి మనసు పెంచిన తండ్రి దగ్గరే ఉంది. కడకు కన్నతల్లే గుండె రాయి చేసుకుని వాణ్ణి ఆ ఇంటికి పోనిస్తుంది. మళ్ళీ ఈ ఇంటి వైపు వాడి మనసును లాగిందేమిటో తెలుసా? తల్లి కన్నీళ్ళు కాదు, తండ్రి కొన్న వస్తువులు కాదు. చిన్నప్పుడు ఒక చెక్కపెట్టెలో దాక్కుంటే అన్న వచ్చి తనను కనుక్కున్నాడన్న జ్ఞాపకం. తమ్ముణ్ణి పోగొట్టినవాడినని తొమ్మిదేళ్ళు తనను తాను శిక్షించుకున్న విన్సెంటే, ఆ తమ్ముడి జ్ఞాపకంలో తనను వెతికి కనుక్కున్న అన్నగా ఉన్నాడు. ఆ పుట దగ్గర మేము కళ్ళద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

ఇదే రచయిత్రి 2009లో ఈ కథకు కొనసాగింపు రాశారట. అందులో విన్సెంట్ పెద్దవాడై, బిడ్డలు తప్పిపోయిన తల్లిదండ్రుల మాటలు విని వాళ్ళ గురించి ఒక చిత్రం తీస్తాడట. ఎవరూ తన గోడు వినని పిల్లవాడు ఇతరుల గోడు వినేవాడయ్యాడు. ఆ పుస్తకం మేమింకా చదవలేదు. ఆ అమ్మాయి చెబితే విన్నాం.

మన తల్లి దగ్గరికి వస్తాం. ఆమె కూతురు ఇప్పుడు ఇంటర్ మొదటి ఏడాది, పట్నంలో హాస్టల్లో ఉంటోంది. సెలవులిచ్చినా ఏదో ఒక వంక చెప్పి ఇంటికి రాదు. పోయిన నెల ఒక ఆదివారం ఆ తల్లి ఆరాధనకు రాలేదు. పొద్దున్నే మొదటి బస్సుకు హాస్టలుకు వెళ్ళింది. సంచిలో కొబ్బరినూనె సీసా, దువ్వెన, ఒక బాక్సు పులిహోర. ఏం జరిగిందో ఆమె మాటల్లోనే చెబుతాం.

"చెట్టు కింద కూర్చోబెట్టి తలకి నూనె రాయబోతే, నేను రాసుకుంటానమ్మా అందండి. రాయనీవే అన్నాను. జుట్టు మళ్ళీ నడుందాకా పెరిగింది, నాకు తెలీదు. రెండు పాయలు వేసేసరికి దాని భుజాలు అదిరిపోతున్నాయి. అమ్మా, గిన్నె కొట్టుకుపోతుంటే వంగి అందుకున్నానే, వాడి చెయ్యి వదిలేశానే అంది. ఏడేళ్ళకి చెప్పిందండి. నాకు తెలుసే, నిన్ను రేవుకి పంపింది నేనే కదే అన్నాను. అంతేనండి. ఇంకేం మాట్లాడుకోలేదు. జడ పూర్తిచేసి వచ్చేశాను."

ఇంతటితో అన్నీ బాగైపోయాయని మేము చెప్పడం లేదు. పోయిన పిల్లవాడు పోయినట్టే ఉన్నాడు. ఆ అమ్మాయి ఆ తరవాత కూడా ఒక సెలవుకు రాలేదు. కానీ వారానికోసారి ఫోను చేస్తోంది. వచ్చే సంక్రాంతికి వస్తానందట. ఆ తల్లి ఆ ఆదివారం ఆరాధన మానేసిందని ఎవరైనా అనుకుంటే, మేము అలా అనుకోవడం లేదని చెప్పండి. ఆ రోజు మన అందరికంటే ఎక్కువ ఆరాధన చేసింది ఆమే అని మా నమ్మకం.

మేము ఆమె దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడిగాం. అమ్మగారు ఆ అమ్మాయికి ఉత్తరం రాసింది. ఫోనులో మాట రాలేదట, అందుకని కాగితం మీద రాసింది. జవాబు ఇంకా రాలేదు. ఎదురుచూస్తున్నాం.

ఇకమీదట సంఘంగా మనం కొన్ని పనులు చేద్దాం. మరణం జరిగిన ఇంటికి వెళ్ళినప్పుడు మిగిలిన పిల్లలెక్కడ ఉన్నారో ముందు చూద్దాం. పెద్దవాళ్ళ ఏడుపు మధ్య వాళ్ళు దొడ్లోనో గోడ మూలో నిలబడి ఉంటారు. వాళ్ళకు అన్నం పెట్టడం, స్నానం చేయించడం, బడికి పంపడం ఎవరో ఒకరం నెలరోజులు మీద వేసుకుందాం. దేవుని చిత్తం అన్న మాట నిజమే అయినా, అది దుఃఖంలో ఉన్నవాళ్ళే అనాలి గానీ మనం వాళ్ళమీద పెట్టకూడదు. పదకొండో రోజుతో మన రాకపోకలు ఆపేయకుండా మూడో నెలలో, ఏడో నెలలో వెళ్దాం. ఎవరైనా ఆరాధనకు రావడం లేదంటే చల్లబడ్డారని చెప్పుకునే ముందు ఒకరం వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చుని వద్దాం. ఏమీ మాట్లాడకపోయినా సరే.

ఆ నవలలోని తల్లి మంచిదా కాదా అని ఇప్పుడు ఎవరైనా మమ్మల్ని అడిగితే మా దగ్గర అభిప్రాయమేమీ లేదు. ఆ ఇంటి పక్కన మనలాంటి సంఘం ఒకటి ఉండి ఉంటే విన్సెంట్‌కు అన్నం ఎవరు పెట్టేవారా అన్నదే మా ఆలోచన. మన ఊళ్ళో ఆ సంఘం ఉండి కూడా పెట్టలేదు.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, తప్పిపోయినవాణ్ణి వెతికి తెచ్చుకున్నవాడవు, తప్పిపోకుండానే ఇంటి బయట నిలబడ్డవాడి కోసం కూడా లేచి వచ్చినవాడవు. మా నోళ్ళు తొందరపడినందుకు, మా కాళ్ళు ఆలస్యం చేసినందుకు మమ్మల్ని క్షమించుము. మా ఇళ్ళలో ఎవరూ చూడని బిడ్డలను మాకు చూపించుము. ఆ తల్లినీ కూతురినీ నీ చేతులకు అప్పగిస్తున్నాం. మా రక్షకుడైన యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్.

ప్రభువు కృప మనకందరికీ తోడై ఉండును గాక.